పౌనే తీన్

ఈ వయసులో నాకు ఒక చెడ్డ అలవాటు మిగిలింది. ఎవరింటికి వెళ్ళినా, కూర్చునేముందు పక్కనున్న గోడను వేలి కణుపుతో రెండుసార్లు తట్టి కాసేపు ఆగుతాను. మా కోడలికి ఇది బొత్తిగా నచ్చదు. "వాళ్ళేమనుకుంటారు మావయ్యగారూ" అంటుంది. వాళ్ళేమనుకుంటారంటే, ఇంజనీరింగు పని చేసిన ముసలాయన గదా, గోడ గట్టిదో కాదో చూస్తున్నాడనుకుంటారు. నిజానికి నేను మూడో చప్పుడు కోసం ఆగుతాను. ఇంతవరకూ నాకు మూడోది వినిపించిన గోడ ఒక్కటే. అది నాంపల్లిలో ఉండేది.

రాతిలో, ఇనుములో, కాంక్రీటులో కంపనాల అల ఎలా నడుస్తుందో మీరిప్పుడు కంప్యూటరు తెరమీద రంగురంగులుగా చూస్తున్నారు. మొన్న మా మనవడి స్నేహితురాలు ఒకమ్మాయి చూపించింది. టీ చల్లారేలోపు నాలుగు గోడల్లో అలలు నడిపించి, "మీ రోజుల్లో ఎలా చేసేవారు తాతగారూ?" అని అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ అమ్మాయికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో మా ఆఫీసు ఆబిడ్స్ వెనక సందులో ఒక పాత మేడలో ఉండేది. కట్టడాలను పగలగొట్టకుండా వాటి లోపలేముందో తెలుసుకోవడం మా పని. మాకు సొంత కంప్యూటరు లేదు. ఊరి అవతల ఇంకో సంస్థవారి దగ్గర ఒకటుంటే, గురువారం గురువారం రెండు గంటలు మాకిచ్చేవారు. ఆ కంప్యూటరు చదివేలా అంకెలను చిల్లులుగా పొడిచిన కార్డులను రేకుపెట్టెలో సర్ది, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తీసుకువెళ్ళేవాణ్ణి. వర్షాకాలం నా గొడుగు నాకు కాదు, పెట్టెకే.

పద్ధతి చెబుతాను, పెద్ద కష్టమేం కాదు. గోడను లెక్కల నోటుబుక్కులో లాగా గడులుగా విడదీస్తాం. ఆ చోట రాయి ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె ఒక్కో గడికి ఒక్కోటి ఇస్తాం. గోడ ఒక చివర సుత్తిదెబ్బ పడినట్టు లెక్కలో రాస్తాం. ఆ తోపు పక్క గడికి ఎంత అందుతుంది, దాన్నుంచి ఆ పక్కదానికి ఎంత అని కంప్యూటరు లెక్కకడుతూ పోతుంది. ఒక్కో క్షణానికి ఒక్కో కాగితం అచ్చవుతుంది. కదలని చోట చుక్క, కదిలిన చోట నక్షత్రం. కాగితాల దొంతర అంచు పట్టుకుని బొటనవేలితో గబగబా వదిలితే, నక్షత్రాలు గోడ ఈ చివర బయలుదేరి ఆ చివరికి నడిచిపోతాయి. మొదటిసారి అది చూసిన రోజు నేను అన్నం తినడం మర్చిపోయాను.

మాలో ముఖ్యులు ముగ్గురు. ఒకరు మా పెద్దసారు. ఇంకొకరు గోడల మీద పరీక్షలు చేసే ముసలాయన, మేమంతా ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళం. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న తెలంగాణా మనిషి. మాట తెలుగే, లెక్క మాత్రం ఉర్దూలో. మూడో మనిషి కార్డులు పొడిచే అమ్మాయి. మెదక్ దగ్గర మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసే ఆవిడ కూతురు. పని మొదలుపెట్టేముందు కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసుకునేది. ఆమె పొడిచిన కార్డులో తప్పు దొరికిన రోజు నాకు గుర్తులేదు. ఇంకా పర్మనెంటు కాలేదు, ఆ ఏడాది చేస్తారని ఆశపడుతోంది.

నేను బందరువాణ్ణి. యాభైయారులో నాన్నగారి ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి ఇక్కడికి వచ్చి పడ్డాం. అప్పటికి పదహారేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను గదా, ఇక్కడి భాష నాకు తెలియనిదేముంది అన్న గర్వం నాకుండేది. మా వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు బజారులో "సవా సేరు" అంటే తెల్లమొహం వేస్తుంటే, సేరుంబావు అని అర్థం చెప్పి మురిసిపోయేవాణ్ణి.

ఆ ఎండాకాలం మాకు నాంపల్లిలో ఒక పని వచ్చింది. నవాబుల కాలపు పాత దేవిడీ భవంతి, ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలుగా మారింది. మా కార్డుల అమ్మాయి ఉండేదీ అక్కడే. భోజనాల హాలు పక్కన నాలుగడుగుల మందం రాతిగోడ ఉంది. సరిగ్గా దాని పైన, డాబా మీద, పెద్ద నీళ్ళ ట్యాంకు కట్టారు. నింపేముందు గోడ లోపల గట్టిగా ఉందో లేదో చెప్పమన్నారు. లేకపోతే ట్యాంకు, డాబా కలిసి భోజనాల మీద కూలతాయి.

పరీక్ష రోజున ఆ అమ్మాయే మమ్మల్ని లోపలికి తీసుకువెళ్ళింది. గోడ ముందు నిలబడింది.

"సార్, ఈ గోడ జవాబిస్తది" అంది.

"అంటే?"

"మనం రెండుసార్లు తడితే అది మూడోది తడతది. మా పోరిలు ఒకరూ ఈ పక్క ఒంటరిగ కూసోరు. నేనే కూసుంట. ఫికరేంది, దేవుడున్నడు గదా."

నేను నవ్వి, పెన్ను వెనక్కి తిప్పి రెండుసార్లు తట్టాను. టక్, టక్. ఏమీ లేదు. ఇదిగో చూశావా అనబోతుండగా, లోపలెక్కడో, లోతుగా, ఒక చప్పుడైంది. తలుపవతల మనిషి ఆలోచించుకుని బదులు తట్టినంత ఆలస్యంగా వచ్చింది. పాత సున్నం, వేడికి సర్దుకుంటుంది అని పైకి అన్నాను.

ఉస్తాద్‌కొక ఆచారం ఉంది. ఏ గోడనైనా మొదటి దెబ్బ కొట్టేముందు అరచెయ్యి దానికి ఆనించి, మర్యాదగా, "ఎవరన్న ఉంటే జర జరగున్రి" అనేవాడు. ఆఫీసులో మేం ఆయన వెనక దీన్ని అభినయించి నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు మాత్రం ఆయన మామూలు కన్నా ఎక్కువసేపు చెయ్యి ఆనించే ఉంచాడు.

తరవాత పని మొదలైంది. అవతల వరండాలో మా అటెండరు గోడకు చిన్న పరికరం ఆనించి పట్టుకున్నాడు. ఇవతల ఉస్తాద్ సుద్దముక్కతో గీసిన గడుల మీద వరసగా సుత్తితో కొడుతూ, చిన్న తెరమీద పచ్చగీత ఎక్కడ లేచిందో చూసి అంకె చెబుతున్నాడు. దెబ్బ అవతలికి చేరడానికి పట్టిన సమయం అది. గట్టి రాయిలో తొందరగా చేరుతుంది. లోపల డొల్ల ఉంటే అల చుట్టు తిరిగి రావాలి గనక ఆలస్యమవుతుంది.

"పౌనే తీన్" అన్నాడు ఉస్తాద్. నేను రాసుకున్నాను. "పౌనే తీన్... పౌనే తీన్... తీన్... సవా తీన్... సవా తీన్... తీన్... పౌనే తీన్."

సవా తీన్ అంటే మూడుంబావు, అది నాకు తెలుసు. పౌనే తీన్? పావు, మూడు. అంటే అదీ మూడుంబావే గదా అనుకున్నాను. ఒకే అంకెకు రెండు పేర్లెందుకున్నాయన్న అనుమానం రాకపోలేదు. కాని ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నవాణ్ణి, "పౌనే అంటే ఏమిటి ఉస్తాద్" అని అడగడానికి నోరు రాలేదు. రెండింటికీ మూడుంబావనే రాసుకుంటూ పోయాను.

ఆ కాగితం చూసి ఆమె కార్డులు పొడిచింది. గురువారం తీసుకువెళ్ళాను. ఆ కంప్యూటరు గదిలో మే నెలలో కూడా స్వెట్టరు వేసుకోవలసినంత చలి. ప్రింటరు కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. నక్షత్రాలు గోడలో బయలుదేరాయి, నడిచాయి, అవతలి చివర చేరాయి. గోడ ఆ చివరనుంచి ఈ చివరకు ఒకేలా ఉంది. చాలా సంతోషించాను.

కాని కాగితాలు ఇంకా వస్తున్నాయి. అల వెళ్ళిపోయాక అన్నీ చుక్కలే ఉండాలి. గోడ మధ్యలో మాత్రం నక్షత్రాలు మిగిలాయి. నిలువుగా ఒక గీత, పైన అడ్డంగా ఒకటి, మళ్ళీ నిలువుగా ఒకటి. ఆ మూడు గీతల మధ్య గుప్పెడు నక్షత్రాలు ఒక కాగితంలో ఎడమవైపు ఉన్నాయి, తరవాతి కాగితంలో కుడివైపు, మళ్ళీ ఎడమవైపు. గోడంతా నిశ్శబ్దమైపోయాక కూడా, లోపల ఎవరో అటూ ఇటూ పచార్లు చేస్తున్నట్టే ఉంది. మాకిచ్చిన సమయం అయిపోయి ఆపరేటరు మిషను ఆపేదాకా అవి తిరుగుతూనే ఉన్నాయి.

మర్నాడు ఆ అమ్మాయి దొంతర తిరగేసి, వేలితో ఆ మూడు గీతలూ తడిమింది.

"సార్, ఇది దర్వాజ" అంది.

"గోడలో తలుపేమిటమ్మా? ఆ గీత దగ్గర రాయి మిగతాదానికన్నా కాస్త గట్టిగా ఉంది, అంతే. గట్టిగా ఉంటే ఇంకా మంచిదే."

"మరి లోపట తిరిగేది ఏంది?"

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. లెక్కలో గోడ ఎక్కడో ఒకచోట అయిపోవాలి. అల ఆ అంచుకు తగిలి లేనిపోని ప్రతిధ్వనిగా వెనక్కి వస్తుంది. ఆ రోజుల్లో ఈ పని చేసిన వాళ్ళందరికీ తెలిసిన బెడద. అర్థంకానిది ఏదొచ్చినా దాని మీదకే తోసేవాళ్ళం. అదే చెప్పాను. గోడ గట్టిగా ఉందని నేను నివేదిక రాశాను, పెద్దసారు సంతకం పెట్టారు. శనివారం ట్యాంకు నింపుతారని కబురొచ్చింది.

ఆ శనివారం పొద్దున అమ్మ నన్ను చింతపండుకు ఉస్మాన్‌గంజ్ పంపింది. మూడు కిలోలు అడిగాను. దుకాణదారు బస్తా అడుగు దులిపి తక్కెడలో వేసి, "పౌనే తీన్ అయింది సాబ్" అన్నాడు.

"నేనడిగింది మూడేగా. పావు ఎక్కువెందుకు?"

అతను నవ్వాడు. "ఎక్కువ ఏడికెళ్ళొస్తది సాబ్. పౌనే అంటే పావు కమ్ గద. బస్తల గింతే మిగిలింది."

తక్కెడ రెండో పళ్ళెంలో రెండు కిలోల గుండు, అర, పావు. నేను వాటినే చూస్తూ నిలబడిపోయాను. పౌనే తీన్ అంటే రెండు ముప్పావు. అంటే గోడంతా రెండు ముప్పావు. గీత దగ్గర మూడు. గీత లోపల మూడుంబావు. గోడంతా గట్టిదే, ఆ తలుపంత చోట తప్ప. నేను రెండింటికీ ఒకే అంకె రాసి ఆ డొల్లను పూడ్చేశాను, దాని అంచు మాత్రం కాగితం మీద మిగిలిపోయింది. ఆ అమ్మాయి అన్నది నిజమే. అది దర్వాజా.

చింతపండు అక్కడే వదిలేసి రిక్షా ఎక్కాను. మొజంజాహి మార్కెట్ దగ్గర బస్సులు అడ్డం పడ్డాయి. దిగి, మిగిలిన దారి పరుగెత్తాను.

హాస్టలు చేరేసరికి మధ్యాహ్న భోజనాల వేళ. పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు గేటు దగ్గరికే వినిపిస్తోంది. హాల్లో ముప్పైమందో ఎంతమందో ఆడపిల్లలు కంచాల ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తినడం లేదు. కలిపిన ముద్దలు కంచాల్లోనే ఉన్నాయి. అందరూ గోడనే చూస్తున్నారు. మా కార్డుల అమ్మాయి ఎప్పటిలాగే దానికి వీపు ఆనించి కూర్చుంది. నల్లటి జడ మీద, భుజం మీద తెల్లగా సున్నం రాలి ఉంది. ఆమె అది గమనించలేదు.

టక్, అంది గోడ. కాసేపాగి మళ్ళీ, టక్.

ఆమె నన్ను చూసి మెల్లగా, "ఇయ్యాల మేం తట్టలే సార్. అదే తడుతున్నది" అంది.

"లేవండి, అందరూ బయటికి రండి. నీళ్ళు ఆపించండి" అన్నాను.

వార్డెనుగారు ఏలూరు వైపు ఆవిడ, కచ్చితమైన మనిషి. అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "అదేమిటండీ? గట్టిగా ఉందని మీరేగా రాసిచ్చారు?"

నాకు ఇప్పటికీ అర్థంకాని సంగతి ఇదే. దారి పొడుగునా నేను ఒకే మాట అనుకుంటూ వచ్చాను, నేను తప్పు రాశాను, నేను తప్పు రాశాను అని. తీరా ఆవిడ అడిగేసరికి నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"కార్డుల్లో పొరపాటు జరిగిందండీ" అన్నాను.

కార్డులు పొడిచేది ఎవరో ఆ హాల్లో అందరికీ తెలుసు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమె లేచింది, కంచం తీసుకుంది, నన్ను దాటుకుంటూ బయటికి నడిచింది. నా మొహం కూడా చూడలేదు.

ట్యాంకులో నీళ్ళు బయటికి వదిలేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రానికి గోడ మీద మూడు సన్నటి పగుళ్ళు కనిపించాయి. నిలువుగా ఒకటి, పైన అడ్డంగా ఒకటి, మళ్ళీ నిలువుగా ఒకటి.

సోమవారం పెద్దసారు ఎదుట మేస్త్రీ ఇవతలి వరస రాళ్ళు తీశాడు. వాటి వెనక టేకు తలుపు. తోస్తే రాలేదు. చివరికి మడతబందులు ఊడదీసి తలుపును పక్కకు జరపవలసి వచ్చింది. వెనకాల మనిషి నిలబడి గోడ పొడుగునా నాలుగడుగులు అటూ ఇటూ వెయ్యగలిగినంత చోటుంది. పైన బండ, అవతల రాయి, కింద వేలు మందం ధూళి. ధూళి మీద ఒక్క జాడ కూడా లేదు. తలుపుకు గడియ పెట్టి ఉంది. గడియ ఉన్నది లోపలివైపు.

పెద్దసారు గడియను వేలితో కదిపి చూసి, "లోపల గడియ పెట్టి, అవతలి వైపునుంచి బయటికి పోయాక అటు గోడ కట్టేసి ఉంటారు" అన్నారు. సబబుగానే తోచింది. అప్పుడు మేస్త్రీ లాంతరు లోపలికి పెట్టి అవతలి రాళ్ళు చూపించాడు. సందుల్లో సున్నం నున్నగా తాపీతో రుద్ది ఉంది. రుద్దింది లోపలినుంచి. బయటినుంచి కట్టినవాడికి అది కుదరదన్నాడు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఉస్తాద్ మాత్రం తాపీగా బీడీ వెలిగించుకున్నాడు. "నేను జరగమన్న గద" అన్నాడు. "జరిగిన్రు."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగాడు. "పౌనే తీన్ అన్న నేను. నువ్వేం రాసినవ్ బేటా?"

"కాగితం ఆఫీసులో ఉంది, చూడాలి" అన్నాను. ఆ అమ్మాయి వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంది. వినే ఉంటుంది.

కాగితం ఆఫీసులో లేదు. శనివారం సాయంత్రమే దాన్ని ఇంటికి తెచ్చి నా ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పెట్టాను. ఆ కాగితం లేకపోతే తప్పు మొదట కనిపించేది కార్డుల్లోనే. ఫైల్లో "పంచింగులో పొరపాటు" అని ఎక్కింది. ఆ ఏడు ఆమెను పర్మనెంటు చెయ్యలేదు, ఆ తరవాతి ఏడు కూడా చెయ్యలేదు. ఆ డొల్లను రాయి, సున్నం వేసి నింపారు. ఉస్తాద్ మళ్ళీ పరీక్ష చేస్తే ప్రతి గడికీ పౌనే తీన్ వచ్చింది.

ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు, ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. కాకపోతే ఆ రోజునుంచి నేను ఏ కాగితం ఇచ్చినా చేతిలో పట్టుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి, "పావు తక్కువనా, పావు ఎక్కువనా సార్?" అని అడిగేది. నాలుగనీ ఏడనీ నిండు అంకె రాసి ఉన్నా సరే అడిగేది. నేను జవాబు చెప్పేదాకా మిషను ముట్టేది కాదు. నాలుగేళ్ళపాటు, రోజూ.

తరవాత ఆమెకు వరంగల్లులో వేరే ఉద్యోగం దొరికింది. వెళ్ళేరోజు నేను నాంపల్లి స్టేషనుకు వెళ్ళాను. బండి కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ట్రంకుపెట్టెలో దాచిన ఆ కాగితాన్ని జేబులోంచి తీసి చువ్వల మధ్యనుంచి అందించాను. ఏమేమో చెప్పాలని రాత్రంతా అనుకున్నాను, ఒక్కటీ రాలేదు. "తప్పు నాది. మీ కొత్త ఆఫీసుకు, మన పెద్దసారుకు, ఎవరికి రాయమంటే వాళ్ళకు రాస్తాను" అని మాత్రం అన్నాను.

ఆమె కాగితం ఒళ్ళో పరుచుకుంది. మొదటి గడినుంచి చివరి గడిదాకా ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ చదివింది. ఆఫీసులో కార్డులు సరిచూసుకునేటప్పుడు అలాగే చేసేది. బండి కూత వేసింది. ఆమె మాత్రం తొందరపడలేదు. మొత్తం అయ్యాక తలెత్తింది.

"రైట్ ఉన్నది సార్" అంది. "మీరు రాసినట్లే కొట్టిన."

కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. బండి కదిలింది.